పాత పిస్టల్లో పిన్ను వదులైతే ఏ మరమ్మతు కోరాలి

మా తాతగారి పేరున మొదలై, నాన్నగారి మీదుగా, లైసెన్సుతో సహా నా చేతికి వచ్చిన .32 పిస్టలు ఒకటి మా ఇంట్లో ఉంది. కోనసీమలో మా ఊరి వంటి చోట్ల ఇలాంటి ఆయుధాలు ఏడాది పొడవునా బీరువాలోనే ఉంటాయి. లైసెన్సు రెన్యువలుకో, ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చినప్పుడు పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయడానికో తప్ప బయటి వెలుతురు చూడవు. ఒకసారి ఎన్నికలు ముగిసి డిపాజిట్ నుంచి తెచ్చుకున్నప్పుడు, ట్రిగ్గరు పైభాగంలో ఫ్రేముకు, అంటే పిస్టలు మొండేనికి, అడ్డంగా ఉండే చిన్న ఉక్కు పిన్ను ఒక పక్క అర మిల్లీమీటరు మేర బయటికి పొడుచుకు వచ్చి కనిపించింది. వేలితో నెడితే లోపలికి పోయింది, రెండో పక్కన నెడితే మళ్లీ బయటికి వచ్చింది. ఎడ్లబండి చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా పట్టి ఉంచే కడచీల పని ఏమిటో, పిస్టల్లో ఆ పిన్ను పని అదే. అది జారితే దాని మీద తిరిగే భాగం తన స్థానం తప్పుతుంది, ఆ భాగం ట్రిగ్గరో, తూటాను పేల్చడానికి సుత్తిలా కొట్టే హ్యామరో అయినప్పుడు ఆయుధం తనంతట తాను పేలే స్థితికి కూడా రావచ్చు.

ఈ సంగతి నలుగురి చెవిన వేస్తే నాలుగు మార్గాలు వచ్చాయి. డీజిలు ఇంజన్లు బాగుచేసే ఫిట్టరు రెండు దెబ్బలు వేస్తే బిగిసిపోతుందన్నాడు. నగలు చేసే ఆయన ఒక బొట్టు టాంకం పెడితే చాలన్నాడు. హైదరాబాదులో ఉన్న మా బావగారు ఇప్పుడు మంచి జిగుర్లు వచ్చాయన్నారు. పొరుగాయన మాత్రం దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచమన్నారు. వీరిలో ఎవరిదీ తెలివితక్కువ సలహా కాదు, ఎవరి పనిలో వారికి అది ఫలించిన పద్ధతే. అయితే పంపుసెట్టుకూ, కాసులపేరుకూ, పిస్టలుకూ పిన్ను వదులు కావడం ఒకటే జబ్బు కాదు. అందువల్ల ఈ మార్గాలన్నిటినీ పోల్చి, ఏ సందర్భంలో దేన్ని కోరాలో, దేన్ని నిరాకరించాలో ఇక్కడ రాస్తున్నాను.

కోరాలో అని రాశాను గాని చేయాలో అని రాయలేదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకాలకే కాక మరమ్మతుకు కూడా ప్రత్యేకమైన లైసెన్సు ఉండాలి. మన దగ్గర ఉండేది ఆయుధాన్ని కలిగి ఉండే లైసెన్సే తప్ప బాగుచేసే లైసెన్సు కాదు. ఆ సెక్షనును ఉల్లంఘించినవారికి 2019 సవరణ తరువాత ఏడేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష ఉంది. కాబట్టి మన ఎంపిక సుత్తి ఏది, జిగురు ఏది అన్నది కాదు. లైసెన్సున్న మరమ్మతుదారు ఎదుట కూర్చున్నప్పుడు ఆయన చెప్పేది అర్థం చేసుకుని, ఏ పనికి ఒప్పుకోవాలో తెలిసి ఉండడమే.

అసలు అది లోపమేనా

ఏ పరిశీలనకైనా ముందు ఆయుధం ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి. మ్యాగజీను (తూటాల అర) ముందు తీసి, ఆ తరువాతే స్లైడు (పైన వెనక్కి జరిగే భాగం) వెనక్కి లాగి, తూటా పేలే గది అయిన ఛాంబరులోకి కంటితో చూసి, చీకటిగా ఉంటే చిటికెన వేలితో తడిమి చూడాలి. ఈ వరుస తారుమారైతే స్లైడు ముందుకు వెళ్లేటప్పుడు మ్యాగజీనులోని తూటా ఛాంబరులోకి చేరుతుంది. మ్యాగజీను తీసేసినంత మాత్రాన పాత పిస్టళ్లలో చాలావాటికి పేలే శక్తి పోదు.

తరువాత చూడవలసినది, ఆ పిన్ను పుట్టుకతోనే వదులుగా ఉండేదా అన్నది. ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లనే పాత పిస్టళ్లు ఎక్కువగా పాడవుతున్నాయని నా అభిప్రాయం. అమెరికాలో 1911లో సైన్యం స్వీకరించిన ప్రసిద్ధ కోల్ట్ పిస్టలునే తీసుకుంటే, అందులో హ్యామరు పిన్నూ, సియరు (హ్యామరును పట్టి ఉంచి, ట్రిగ్గరు నొక్కినప్పుడు వదిలే ముక్క) పిన్నూ వేలితో నెడితే వచ్చేటంత వదులుగానే ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది బిగువు కాదు. ఎడమ పక్కన వాటి తలల మీదుగా వచ్చి కూర్చునే సేఫ్టీ మీట. పిడి వెనుక భాగాన్ని పట్టి ఉంచే మరో పిన్నుకు ఒక చిన్న గుంట ఉండి, లోపలి స్ప్రింగు ఒత్తిడితో ఒక ముక్క అందులోకి దిగి దాన్ని నిలబెడుతుంది. మరికొన్ని పిస్టళ్లలో పిన్నుల కొనలను పిడి పలకలే కప్పి ఆపుతాయి. ఇలాంటి పిస్టలును పలకలు విప్పిన స్థితిలో చూసినవారు పిన్ను వదులైందని భ్రమపడి, దాన్ని కొట్టి బిగిస్తే, లేని జబ్బుకు మందు వేసినట్టే. అంతటితో ఆగదు, తరువాత విప్పవలసి వచ్చినప్పుడు ఆ పిన్ను బయటికి రాదు. కాబట్టి వదులు పిన్నును చూసినప్పుడు దాన్ని ఆపవలసిన వేరే భాగం ఏదైనా ఊడిందా, విరిగిందా, పలకల మరలు సడలాయా అన్నది ముందు తేల్చుకోవాలి. పలక మర ఒక చుట్టు బిగించడంతో తీరిపోయే సమస్యలు కూడా ఇందులో ఉన్నాయి.

ఆ సందేహం తీరాక మిగిలేది, అరిగినది పిన్నా, రంధ్రమా అన్న ప్రశ్న. దీన్ని కంటితో తేల్చడం కష్టం. మంచి మరమ్మతుదారు పిన్నును బయటికి తీసి మైక్రోమీటరుతో మూడు చోట్ల, రెండు కొనల దగ్గర, నడుమ, కొలుస్తాడు. నడుమ మాత్రమే సన్నబడి ఉంటే దాని మీద తిరిగే భాగం దాన్ని అరగదీసిందని అర్థం. అప్పుడు ట్రిగ్గరు లొడలొడలాడుతుంది గాని పిన్ను ఫ్రేములోంచి జారదు. కొనలు సన్నబడి ఉంటే పిన్నుదే లోపం. కొనలు సరిగానే ఉండి కూడా జారుతున్నదంటే రంధ్రం పెద్దదైంది. రంధ్రం గుండ్రంగానే పెద్దదైందా, ఒక వైపు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా అన్నది మళ్లీ వేరే విషయం. ఈ తేడాలన్నీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటాయి. మనిషి వెంట్రుక మందంలో సగం కూడా లేని తేడాకే బిగువుగా ఉండవలసిన పిన్ను వేలికి కదులుతుంది. మరమ్మతుదారు ఈ కొలతలేవీ తీయకుండానే సుత్తి అందుకుంటే, ఆయుధాన్ని వెనక్కి తీసుకుని లేచి రావడమే మంచిది.

మార్గాల మధ్య తేడా

పిన్ను మాత్రమే అరిగినప్పుడు అసలు కొలతకు కొత్త పిన్ను చేయించడం కన్నా మంచి మార్గం లేదు. ఇందులో ఫ్రేమును ఎవరూ ముట్టుకోరు, పాత పిన్ను మన దగ్గరే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి మార్చుకోవచ్చు. ఉత్పత్తి ఆగిపోయి దశాబ్దాలు గడచిన పిస్టలుకు కంపెనీ పిన్ను దొరకదు గనుక ఇది సిల్వర్ స్టీలు అని పిలిచే, కొలతకు సానబట్టిన ఉక్కు కడ్డీ నుంచి లేత్ మీద చేసే పని అవుతుంది. పేరులో వెండి ఉన్నా ఆ ఉక్కులో వెండి ఉండదు, దాని మెరుపును బట్టి వచ్చిన పేరు అది. అడగవలసిన మాట ఒకటుంది: పిన్నును మరీ గట్టిపరచవద్దని చెప్పాలి. మితిమీరి గట్టిపడిన పిన్ను తాను అరగకుండా ఫ్రేము రంధ్రాన్ని అరగదీస్తుంది. పిన్ను మళ్లీ చేయించుకోగలం గాని, నంబరు చెక్కి ఉన్న ఫ్రేమును మళ్లీ తెచ్చుకోలేము. మేకు ముక్కో, సైకిలు పుల్లో కోసి దూర్చడం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు. మేకు మెత్తనిదై త్వరగా వంగుతుంది, కొలతకు రెండూ సరిపోవు. అయినా పాత ఆయుధాలను విప్పినప్పుడు ఇలాంటివి లోపల దొరకడం వింత కాదు.

రంధ్రం గుండ్రంగా పెద్దదైనప్పుడు లావు పిన్ను వేయడం తదుపరి మార్గం. రంధ్రాన్ని నున్నగా తొలిచే రీమరు అనే పనిముట్టుతో దాన్ని అతి కొద్దిగా సరిచేసి, దానికి తగ్గట్టు పిన్నును లావు చేస్తారు. ఇక్కడ చాలామంది మరచిపోయేది లోపలి భాగం సంగతి. పిన్ను పొడవునా లావైతే ట్రిగ్గరు రంధ్రాన్ని కూడా పెద్దది చేయవలసి వస్తుంది, అంటే ఒక లోపానికి రెండు భాగాలను కోసినట్టవుతుంది. అరుగుదల ఫ్రేముకు ఒక పక్కనే ఉంటే ఇంకా మెలకువైన పరిష్కారం ఉంది: పిన్ను ఒక కొనను మాత్రం లావుగా ఉంచి, మిగిలిన పొడవును పాత కొలతకే చేసి, పెద్దదైన రంధ్రం వైపు నుంచి దూర్చడం. ఈ మెట్టు పిన్ను చేయడానికి లేత్ మీద సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు కూడా కాస్త పెరుగుతుంది. అయినా ట్రిగ్గరునూ, రెండో పక్క రంధ్రాన్నీ కాపాడుతుంది గనుక నేను ఎంచుకున్నది ఇదే.

రంధ్రం సాగిపోయి రీమరుకు లొంగనంతగా చెడితే బుష్ వేయడం ఒక్కటే మిగులుతుంది. రంధ్రాన్ని బాగా పెద్దది చేసి, ఉక్కు గొట్టపు ముక్కను బిగించి, దానిలో పాత కొలత రంధ్రం చేయడమే ఆ పని. చక్కగా చేస్తే ఇది కొత్త రంధ్రమంత గట్టిది. అయితే ఫ్రేము గోడ పలుచగా ఉన్నచోట దీనికి తగినంత లోహం ఉండదు, పైగా తీసేసిన లోహం తిరిగి రాదు. అందుచేత తక్కిన మార్గాలు మూసుకుపోయాకే దీనికి ఒప్పుకోవాలి.

జిగురు విషయంలో మా బావగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. గాలి తగలని చోట, లోహం తాకిడితో గట్టిపడే ఎనెయిరోబిక్ జిగుర్లు ఇంజన్లలో బేరింగులనూ, బుష్‌లనూ పట్టి ఉంచడానికి నిజంగానే పనికొస్తాయి. పిస్టల్లో మాత్రం వాటికి మూడు ఇబ్బందులు ఉన్నాయి. ఏళ్ల తరబడి నూనె పట్టిన రంధ్రంలో నూనెను పూర్తిగా కడగకపోతే అవి సరిగా పట్టవు. పలుచని ద్రవం కనుక పిన్ను వెంబడి లోపలికి పాకి, తిరగవలసిన ట్రిగ్గరును కూడా పిన్నుకు అతికించే ప్రమాదం ఉంది. గట్టి రకాన్ని తరువాత విప్పాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి; చేతి మంటతో ఆ వేడిని అంతటితో ఆపడం తేలిక కాదు, పక్కనున్న స్ప్రింగు పదును పోతుంది, పిడి పలకలు చెడతాయి. తాడు కట్టే రింగు పిన్ను వంటి, భద్రతతో సంబంధం లేని చోట మరలకు వాడే తక్కువ బలం రకాన్ని ఒక బొట్టు వాడితే నాకు అభ్యంతరం లేదు. ట్రిగ్గరు, హ్యామరు, సియరు, తూటా అడుగును పొడిచే ఫైరింగ్ పిన్ను, వీటిని పట్టి ఉంచే పిన్నులకు మాత్రం వద్దు. ఇక చెప్పులు అతికించే ఇన్‌స్టంట్ జిగురు పెళుసుది, ఒక్క అదురుకే ఊడుతుంది, దాని గురించి ఇంతకన్నా చర్చ అనవసరం.

స్ప్రింగు పిన్ను, అంటే రేకును గొట్టంలా చుట్టి ఒక పక్క చీలిక వదిలిన పిన్ను, కొద్దిగా పెద్దదైన రంధ్రంలో కూడా తనంతట తాను ఉబ్బి నిలుస్తుంది కాబట్టి మెకానిక్కులకు ఇష్టమైనది. కాని దాని చీలిక అంచు లోపల తిరిగే భాగాన్ని గీకుతుంది, బయటికి చూస్తే అది పాత పిస్టలుకు చెందినది కాదని ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ పిస్టలును తయారుచేసినప్పుడే అలాంటిది వాడి ఉంటే తప్ప దీన్ని కోరవద్దు.

మిగిలింది మా ఫిట్టరు సలహా, సుత్తి. ఇందులో రెండు రకాలున్నాయి. పిన్ను కొనలను కొట్టి రివిట్ తలలా వెడల్పు చేయడం మొదటిది. తరువాత ఎప్పుడు విప్పినా ఆ తలను ఆకురాయితో రాయాలి, రాసేటప్పుడు ఫ్రేము మీది నీలి పూత కూడా పోతుంది. రంధ్రం అంచు మీద పంచ్ అనే ఉక్కు మొనను ఆనించి సుత్తితో కొట్టి, ఫ్రేము లోహాన్నే పిన్ను మీదికి తోయడం రెండోది. కొన్ని పిస్టళ్లలో కొన్ని భాగాలను కర్మాగారంలోనే ఇలా బిగించి పంపుతారు, 1911 కోల్ట్‌లో గురి చూడడానికి ముందు కొన మీద ఉండే సైటును అలాగే బిగించేవారు. అక్కడ అది సరైన పద్ధతే, ఎందుకంటే ఆ లోహాన్ని దానికోసమే వదిలి ఉంచారు. ఆ ఏర్పాటు లేని రంధ్రం అంచున కొడితే పిన్ను ఆ రోజుకు నిలుస్తుంది. లోపల మాత్రం రంధ్రం అంతే వదులుగా ఉంటుంది, నొక్కుకున్న పలుచని అంచు అరిగిన వెంటనే వదులు తిరిగి వస్తుంది. మా పిస్టలు మీద రంధ్రం చుట్టూ మూడు చిన్న గుంటలున్నాయి. నాన్నగారి కాలంలో ఒక వర్క్‌షాపులో ఇదే వైద్యం జరిగిందట. అది చట్టవిరుద్ధమని అప్పుడు వారికీ తెలియదు, మాకూ తెలియదు. ఆ మూడు దెబ్బల వల్లనే కాబోలు, రంధ్రం ఆ పక్క సాగింది.

వెల్డింగు, టాంకం సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. వెల్డింగు వేడి ఫ్రేము ఉక్కు గుణాన్నే మార్చేస్తుంది. టాంకం దెబ్బకు నిలవదు, విప్పే దారి కూడా మూసేస్తుంది. ఏ పిన్నుకూ ఇవి వద్దు.

ఏమీ చేయకుండా ఉంచడం

పొరుగాయన చెప్పిన ఈ మార్గాన్ని మొదట తేలికగా తీసుకున్నాను గాని, ఆలోచించే కొద్దీ దానికి బలం కనిపించింది. ఎప్పటికీ పేల్చని, కేవలం జ్ఞాపకంగా ఉంచుకునే పిస్టలుకు పిన్ను జారి పోగొట్టుకోకుండా ఉంటే చాలు. మ్యూజియంలలో లోహపు వస్తువులకు పూసే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పలుచగా పూస్తే తుప్పును అడ్డుకుంటుంది, కాస్త వదులుగా ఉన్న పిన్నును కదలనివ్వదు, కావలసినప్పుడు తుడిచేయవచ్చు కూడా. అయితే అలా ఉంచిన పిస్టల్లో తూటా ఎన్నడూ నింపకూడదు. అది పేల్చడానికి పనికిరాదని రాసిన చీటీ ఒకటి దానికి కట్టి ఉంచడం ఇంట్లో తరువాతి వారికి అవసరం.

పురాతనమైన, మరమ్మతు చేసినా పేలే అవకాశం లేని ఆయుధాలకు చట్టం 45వ సెక్షనులో మినహాయింపు ఉంది. మీ దగ్గరిది ఆ కోవలోనిది అనుకుంటే, మరమ్మతుతో పేలే స్థితికి తేగలిగినది ఆ మినహాయింపు కిందికి రాదని గుర్తుంచుకోవాలి. అటువంటి వస్తువుకు ఏమీ చేయకపోవడమే చట్టం దృష్ట్యా కూడా ఉత్తమం.

అసలు మన ప్రాంతంలో పిన్నులు ఎందుకింత తరచుగా వదులవుతాయంటే, కారణం పేల్చడం కాదు, తుప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సరే సరి, లోపలి ఊళ్లలోనూ కాలువలూ, చేలూ నీటితో నిండి ఉండే నెలల్లో బీరువాలోని ఉక్కు తేమ పడుతుంది. పిన్ను, రంధ్రం మధ్య సందులోకి దిగిన తేమ తుప్పుగా మారినప్పుడు మొదట పిన్ను బిగిసిపోయినట్టు ఉంటుంది. తుప్పును కడిగేశాక, తుప్పుగా మారిపోయిన లోహం మేరకు ఖాళీ ఏర్పడి వదులవుతుంది. తోలు ఒరలో ఉంచడం పెద్దలనాటి అలవాటు, కాని తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు ఉక్కును తింటాయి. ఒరను విడిగా, పిస్టలును పొడి నూలుగుడ్డలో విడిగా ఉంచాలి. మనకు చేతికి అందేది కొబ్బరినూనె గనుక దాన్నే పూసేవారున్నారు. అది కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది, చలికాలపు ఉదయాల్లో గడ్డకడుతుంది. దానికన్నా కుట్టుమిషను నూనె ఎంతో మేలు.

తీసుకువెళ్లేటప్పుడు

లైసెన్సు మన పేరున ఉంటే మరమ్మతుకు మనమే తీసుకువెళ్లడం తేలిక. వయసు వల్లనో, ఆరోగ్యం వల్లనో వెళ్లలేనివారి తరఫున మరొకరు తీసుకువెళ్లడానికి చట్టం 3వ సెక్షను వీలిస్తుంది, అయితే లైసెన్సుదారు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. మాట మీద పంపడం కుదరదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక కోనసీమవారి జిల్లా కేంద్రం కాకినాడ నుంచి అమలాపురానికి, డెల్టా పడమటి భాగంలో చాలామందికి ఏలూరు నుంచి భీమవరానికి మారింది. పాత జిల్లా పేరుతో ఉన్న లైసెన్సు పుస్తకంలో చిరునామా, కార్యాలయం వివరాలు సరిచేయించాకే ప్రయాణం పెట్టుకుంటే దారిలో ఎవరు అడిగినా జవాబు ఉంటుంది. లైసెన్సున్న మరమ్మతుదారు ఎవరన్నది కూడా ఆ కలెక్టరు కార్యాలయంలోని ఆయుధాల లైసెన్సు విభాగంలోనే అడగడం మంచిది. అవతలివారి లైసెన్సులో మరమ్మతు అన్న మాట ఉందో లేదో మన కంటితో చూడాలి, అమ్మకపు లైసెన్సు ఒక్కటే సరిపోదు.

పని అప్పగించేటప్పుడు నోటిమాటకు బదులు కాగితం మీద రాసి ఇవ్వాలి: పిన్ను కొలతలు ముందూ వెనుకా రాసి ఇవ్వాలని, ఫ్రేము మీద పంచ్ పెట్టి కొట్టకూడదని, జిగురు వాడకూడదని, పాత పిన్ను తిరిగి ఇవ్వాలని, నంబరు, తయారీదారు గుర్తులు ఉన్న భాగానికి మెరుగు పట్టకూడదని. ఈ చివరిది కేవలం అందం సంగతి కాదు. ఆయుధం మీది గుర్తింపు గుర్తులను చెరపడాన్ని 8వ సెక్షను నిషేధిస్తుంది.

మా పిస్టలుకు మెట్టు పిన్ను వేశాక మరమ్మతుదారు ఆ మూడు గుంటలను కూడా సానబట్టి సాపు చేస్తానన్నాడు. వాటి పక్కనే నంబరు ఉండడం వల్ల వద్దన్నాను. తీసేసిన పాత పిన్నును చిన్న కవరులో పెట్టి, కొలతల కాగితంతో కలిపి లైసెన్సు పుస్తకంలోనే ఉంచాను.